ప్రార్థన పక్కనే డాన్స్ బ్యాండ్: 1950ల బ్రిటన్‌లో ఒక రేడియో రోజు ఎలా తయారయ్యేది?

బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ కార్యక్రమాల పట్టికలు వేసే ‘రేడియో టైమ్స్’ పత్రిక, 1950 ప్రాంతంలో అచ్చయినదాంట్లో ఏదో ఒక మామూలు పనిదినం పేజీ తీసి చూడండి. ఉదయం పదింబావుకి ప్రార్థన. ఆ వెంటనే ఫ్యాక్టరీ కార్మికులకు హుషారైన బ్యాండ్ సంగీతం. బడిపిల్లలకు పాఠాలు. సాయంత్రం గూఢచారి సీరియల్. మధ్యలో ఎక్కడో ఓడలకు వాతావరణ సూచన. రాత్రి పూర్తి నిడివి ఒపెరా. ఇవన్నీ ఒకే సంస్థవి, ఒకే రోజువి. ఇప్పటి స్టేషన్లకు అలవాటుపడినవాళ్లకు ఇదంతా కలగాపులగంగా కనిపిస్తుంది.

1923 నుంచి 2009 దాకా వచ్చిన ఈ కార్యక్రమాల పట్టికలను బీబీసీ 2014లో ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎవరైనా వెతుక్కోవచ్చు. ఇంకో పక్క బీబీసీ ప్రస్తుత చార్టర్, అంటే రాజు పేరిట ఇచ్చిన అధికార పత్రం, 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది కాబట్టి, జనం దానికి ఏటా కట్టే లైసెన్సు ఫీజు ఉండాలా వద్దా అన్న చర్చ బ్రిటన్‌లో మళ్లీ వేడెక్కింది. ఆ చర్చలో ఒకరికి ఆ పాత రోజులు స్వర్ణయుగం, ఇంకొకరికి జనం నోరు మూయించిన కాలం. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే, ఆ రోజు అలా ఎందుకు తయారైందో ముందు తెలియాలి. నా ఉద్దేశంలో దానికి కారణం ఒక్క ఆదర్శం కాదు. చేతిలో ఉన్న ప్రసార తరంగాలు తక్కువ, డబ్బు అందరిదీ, పోటీ లేదు. ఈ మూడింటి ఒత్తిడి మీద ఆదర్శం నిలబడింది.

డబ్బు ఎక్కడిది, తరంగాలు ఎన్ని?

బీబీసీ 1922లో ప్రైవేటు కంపెనీగా మొదలై, 1927 జనవరి 1న రాజ చార్టర్‌తో ప్రజా సంస్థ అయింది. ప్రకటనలు లేవు. రేడియో ఉన్న ప్రతి ఇల్లూ పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాలి. మన దగ్గర కూడా రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. బ్రిటన్‌లో మొదట ఆ ఫీజు ఏడాదికి 10 షిల్లింగులు. 1946 జూన్‌లో ఒక పౌను అయింది.

చిన్న లెక్క వేద్దాం. అప్పటి పౌనుకు 240 పెన్నీలు. ఏడాదికి 365 రోజులు. అంటే ఒక ఇంటికి రోజుకు పడే ఖర్చు పెన్నీలో మూడింట రెండొంతులు. ఇంట్లో ఎంతమంది విన్నా, ఎన్ని గంటలు విన్నా అంతే. 1950 నాటికి దేశంలో దాదాపు 1.2 కోట్ల లైసెన్సులున్నాయి. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. గని కార్మికుడూ అదే పౌను కడతాడు, కేంబ్రిడ్జి ప్రొఫెసరూ అదే పౌను కడతాడు. ఇద్దరికీ ఏదో ఒకటి ఇవ్వాల్సిందే.

పోనీ ఎవరికి వాళ్లకు వేరే స్టేషన్ పెడదామంటే తరంగాలు లేవు. యూరప్‌లో దేశాల మధ్య ఒప్పందాలతో పంచుకున్న లాంగ్ వేవ్, మీడియం వేవ్ తరంగాలే దిక్కు. మీడియం వేవ్‌లో రాత్రయితే పరాయి దేశాల స్టేషన్లు వచ్చి మీద పడేవి. ఎఫ్ఎం ప్రసారాలు రోథమ్ కేంద్రం నుంచి 1955 మేలో గానీ మొదలు కాలేదు. అందుకని ఉన్న కొద్ది దారుల్లోనే అన్ని రకాల వాళ్లనీ నడిపించాలి. ఒకే స్టేషన్‌లో వార్తలు, నాటకాలు, సంగీతం, పాఠాలు, హాస్యం కలిపి వేయడాన్ని మిశ్రమ ప్రసారం అనుకుందాం. ఆ కాలపు రేడియోకి అదే ఆయువుపట్టు.

మూడు స్టేషన్లు ఎలా పుట్టాయి?

యుద్ధానికి ముందు జాతీయ ప్రసారం ఒకటి, ప్రాంతీయ ప్రసారాలు కొన్ని ఉండేవి. 1939 సెప్టెంబరు 1న, యుద్ధం ముంచుకొస్తున్న వేళ, అన్నిటినీ కలిపేసి ‘హోమ్ సర్వీస్’ అన్నారు. ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటిష్ సైనికులకు పనిలేని సాయంత్రాలు గడవడానికి 1940 తొలి నెలల్లో ఒక తేలికపాటి స్టేషన్ పెట్టారు. సైనికుల కోసం పెట్టిన దాన్ని ఇళ్లలో ఉన్నవాళ్లూ తెగ విన్నారు. జనానికి రోజంతా తేలికైన కార్యక్రమాలిచ్చే స్టేషన్ కావాలని బీబీసీకి గట్టిగా తెలిసింది అప్పుడే.

యూరప్‌లో యుద్ధం అయ్యాక, 1945 జులై 29న, ఆ సైనికుల స్టేషన్ స్థానంలో ‘లైట్ ప్రోగ్రామ్’ వచ్చింది. అదే రోజు హోమ్ సర్వీస్ మళ్లీ ప్రాంతాలుగా విడిపోయింది. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఇంగ్లండ్, మిడ్‌లాండ్స్, పశ్చిమ ప్రాంతం తమ సొంత కార్యక్రమాలు కూడా వేసుకునే వీలు కలిగింది. 1946 సెప్టెంబరు 29న గంభీరమైన నాటకాలకు, సంగీతానికి ‘థర్డ్ ప్రోగ్రామ్’ మొదలైంది. అది సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకానే ఉండేది.

థర్డ్ పద్ధతే వేరు. ఫలానా టైముకి ఫలానాది అన్న కట్టుబాటు లేదు. నాటకం నాలుగు గంటలుంటే నాలుగు గంటలూ వేస్తారు. తొమ్మిదయింది, వార్తలకు ఆపాలి అనరు. వేల్స్ కవి డిలన్ థామస్ శ్రవ్యనాటకం ‘అండర్ మిల్క్ వుడ్’ 1954 జనవరి 25న తొలిసారి ప్రసారమైంది ఇక్కడే.

పొద్దున్నుంచి రాత్రి దాకా

ఇప్పుడు ఒక ఇంట్లోకి వెళ్దాం. వాల్వుల సెట్టు, స్విచ్ వేశాక వేడెక్కడానికి కాసేపు పడుతుంది. డయల్ మీద లండన్‌తో పాటు హిల్వర్‌సమ్, అథ్లోన్, లక్సెంబర్గ్ పేర్లుంటాయి. కరెంటు చేరని పల్లెల్లో గాజు పెట్టెలో యాసిడ్ పోసిన బ్యాటరీతో నడిపేవాళ్లు. అది దిగిపోతే కొట్టుకి మోసుకెళ్లి ఛార్జింగ్ పెట్టించుకోవాలి. ఇంటికి సాధారణంగా ఒకటే సెట్టు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. రేడియో అప్పుడు మనిషికొకటి కాదు, కుటుంబానికొకటి. కాబట్టి ప్రోగ్రాములు పేర్చేవాళ్లు ఆలోచించింది ఈ గంటలో ఇంట్లో ఎవరుంటారని.

ఉదయం ఏడుకీ ఎనిమిదికీ హోమ్ సర్వీస్‌లో వార్తలు. మధ్యలో 7.50కి ఐదు నిమిషాల ఆధ్యాత్మిక ప్రసంగం. తొమ్మిదింటికి మగవాళ్లు పనికి, పిల్లలు బడికి వెళ్లాక లైట్‌లో ‘హౌస్‌వైవ్స్ చాయిస్’. శ్రోతలు పోస్టుకార్డు రాసి అడిగిన పాటలు వేసేవాళ్లు. 10.15కి హోమ్‌లో ప్రార్థన, అది 1928 నుంచీ సాగుతున్నది. తర్వాత అదే హోమ్‌లో బడి పాఠాలు మొదలయ్యేవి. దేశమంతా వేలాది తరగతి గదుల్లో పిల్లలు స్పీకరు చుట్టూ కూర్చుని వినేవాళ్లు.

అదే సమయంలో లైట్‌లో ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఒక కార్యక్రమాన్ని ఎంత లెక్కగా తయారు చేసేవాళ్లో ఇక్కడ కనిపిస్తుంది. ఇది 1940 జూన్ 23న మొదలైంది. ఆయుధ ఫ్యాక్టరీల్లో విసుగు తగ్గించి ఉత్పత్తి పెంచడం దీని పని. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, యుద్ధకాలంలో రాత్రి షిఫ్టుకి ఇంకోసారి వచ్చేది. అరగంటసేపు దాదాపు ఆపకుండా సంగీతం, మధ్యలో మాటలు ఉండవు. యంత్రాల రొదలో వినపడాలి కాబట్టి శబ్దం తగ్గించి వాయించే భాగాలు పనికిరావు. మరీ మెల్లగా సాగే పాటలు నిద్ర తెప్పిస్తాయని పక్కన పెట్టారు. మధ్యలో చప్పట్లు కొట్టాల్సిన పాట ఒకటి బాగా హిట్టయితే దాన్నీ ఆపేశారు. కార్మికులు చేతిలోని పనిముట్లతో బల్లల మీద మోదుతున్నారన్నది కారణం.

ఇంకో సంగతి. ఈ సంగీతమంతా ఎక్కువగా స్టూడియోలో వాద్యబృందాలు అప్పటికప్పుడు వాయించిందే. గ్రామఫోన్ రికార్డులు వేయవచ్చు కదా అనిపిస్తుంది. రికార్డు కంపెనీలతో ఉన్న ఒప్పందం ప్రకారం వారానికి ఇన్ని గంటలకు మించి రికార్డులు వేయడానికి వీల్లేదు. వాద్యకారుల సంఘం కూడా ఆ పరిమితినే కోరుకుంది, రికార్డులు పెరిగితే తమ పొట్ట కొడతాయని. ఆనాటి పట్టికల్లో ఇన్ని ఆర్కెస్ట్రాల పేర్లు ఉండటానికి సంగీతాభిరుచి ఒక్కటే కారణం కాదు, ఈ ఒప్పందం కూడా.

మధ్యాహ్నం ఏదో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ నుంచి ‘వర్కర్స్ ప్లేటైమ్’. 1.45కి లైట్‌లో, 1950 జనవరి నుంచి, బడి వయసు రాని పిల్లలకు పావుగంట కథ. రెండింటికి ‘ఉమన్స్ అవర్’. ఈ వరుస చూడండి: అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని పిల్లకు కథ వినిపిస్తుంది, పిల్ల నిద్రపోతే అమ్మ తన గంట తను వింటుంది. ‘ఉమన్స్ అవర్’ 1946 అక్టోబరు 7న మొదలైనప్పుడు దాన్ని నడిపింది అలన్ ఐవిమీ అనే మగ వ్యాఖ్యాత. ఆడవాళ్ల కార్యక్రమానికి మగవాడు ఎందుకని శ్రోతల నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్దికాలానికే మార్చారు. రేషన్ రోజులు కాబట్టి వంటింటి చిట్కాలుండేవి. కానీ అవే కాదు, బయట ఎవరూ నోరెత్తని రుతువిరతి లాంటి విషయాలు కూడా తొలి ఏళ్లలోనే అందులో వచ్చాయి.

నాలుగు దాటాక ఒక డాక్టరు గారి భార్య డైరీ రూపంలో రోజువారీ సీరియల్. అప్పుడు వినలేకపోయినవాళ్లకు మర్నాడు పొద్దున మళ్లీ. ఐదింటికి హోమ్‌లో ‘చిల్డ్రన్స్ అవర్’. ఆరింటికి వార్తలు. రాత్రి తొమ్మిదికి బిగ్ బెన్ గంటలు మోగి మళ్లీ వార్తలు. ఆ తర్వాత లైట్‌లో డాన్స్ సంగీతం, పడుకునేముందు నవలా పఠనం, అర్ధరాత్రి సమాప్తం.

6.45 స్లాటు: ఒక పావుగంట కథ

1946 అక్టోబరు 7నే ఇంకోటి కూడా మొదలైంది. ‘డిక్ బార్టన్’ అనే గూఢచారి సీరియల్, లైట్‌లో సాయంత్రం 6.45కి పావుగంట. ప్రతిరోజూ హీరో ప్రమాదంలో చిక్కుకున్న చోట ఆపేసేవాళ్లు. ఉచ్చస్థితిలో కోటిన్నర మంది విన్నారు. వాళ్లలో పిల్లలు చాలామంది ఉన్నారని తెలిశాక బీబీసీ కంగారుపడి, హీరో ఎలా నడుచుకోవాలో నియమాలు రాసిపెట్టింది. తాగుడు, బూతు, ఆడవాళ్లతో సరసం, అన్నీ నిషిద్ధం.

1948లో బర్మింగ్‌హామ్‌లో రైతులకు, బీబీసీ వాళ్లకు ఒక సమావేశం జరిగింది. దేశానికి తిండిగింజల కొరత, ఉత్పత్తి పెరగాలి, కొత్త పద్ధతులు రైతుల దాకా చేరాలి. రైతులకూ డిక్ బార్టన్ లాంటిది ఒకటి కావాలని హెన్రీ బర్ట్ అనే లింకన్‌షైర్ రైతు అన్నారు. బీబీసీ నిర్మాత గాడ్‌ఫ్రీ బేస్లీ ఆ మాట పట్టుకుని ‘ది ఆర్చర్స్’ అనే సీరియల్ తయారుచేశారు. 1950 మేలో మిడ్‌లాండ్స్‌లో వారం రోజులు ప్రయోగం, 1951 జనవరి 1 నుంచి దేశమంతా. మొదట పొద్దున వచ్చేది. ఆ ఏడాది ఈస్టరుకి డిక్ బార్టన్‌ను తీసేసి ఆ సాయంత్రం టైము దీనికిచ్చారు.

ఇది వినోదమా, వ్యవసాయ శాఖ ప్రచారమా? రెండూ. కథలో ఆవుకు జబ్బు చేస్తుంది, పక్కింటి రైతు మందు చెబుతాడు, వినే రైతుకి సమాచారం అందుతుంది. పట్నంలో ఉన్నవాడికి అది పల్లెటూరి కుటుంబ కథ. ఒకే పావుగంట ఇద్దరికి రెండు పనులు చేసింది. మిశ్రమ ప్రసారం అంటే స్టేషన్‌లో రకరకాల కార్యక్రమాలు ఉండటమే కాదు, ఒక్క కార్యక్రమం లోపల కూడా ఇలా కలపడం.

డాన్స్ పాటల మధ్య సముద్రం ఎందుకు?

పాత పట్టిక చూసేవాళ్లు తికమకపడే మరో చోటు ఇది. ఓడలకు ఇచ్చే వాతావరణ సూచన గంభీరమైన విషయం. అది హోమ్‌లో కాకుండా లైట్‌లో, సరదా కార్యక్రమాల మధ్య వచ్చేది. కారణం తరంగమే. లైట్‌కు 1500 మీటర్ల లాంగ్ వేవ్ ఇచ్చారు. డ్రాయిట్‌విచ్‌లోని ఆ ట్రాన్స్‌మిటర్ దేశం మొత్తానికీ, చుట్టూ ఉన్న సముద్రంలోకీ దూరంగా వినపడేది. చేపల పడవలో ఉన్నవాడికి అందేది అదే. అందుకని గాలులెటు, అలలెలా అన్నది డాన్స్ బ్యాండ్ పక్కన చేరింది.

పిరమిడ్ వాదన, దానికి ఎదురు వాదనలు

మూడు స్టేషన్ల పథకానికి రూపం ఇచ్చింది 1944 నుంచి 1952 వరకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న విలియం హేలీ. సమాజాన్ని, అభిరుచిని ఆయన పిరమిడ్‌గా చూశారు. అడుగున లైట్, మధ్యలో హోమ్, పైన థర్డ్. మూడింటి మధ్య గట్టి గోడలు లేవు. లైట్‌లోనూ అప్పుడప్పుడూ సింఫనీ వస్తుంది, హోమ్‌లోనూ హాస్యం వస్తుంది. శ్రోత ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్తాడు, కొన్నేళ్లకు మొత్తం పిరమిడే పైకి జరుగుతుందని ఆయన ఆశ.

బీబీసీకి పునాది వేసిన జాన్ రీత్‌కి ఇది నచ్చలేదు. ఆయన 1938లోనే వెళ్లిపోయారు, కానీ థర్డ్ మీద ఆయన అభ్యంతరం గట్టిది. మంచిని తీసుకెళ్లి విడిగా ఒక గదిలో పెడితే దాన్ని అనుకోకుండా వినే అవకాశం మామూలు శ్రోతకు పోతుంది, విలువైన తరంగం కొద్దిమందికే ఖర్చయిపోతుంది అన్నది ఆ వాదన సారం.

రెండో అభ్యంతరం అడుగు నుంచి వచ్చింది. జనం మెట్లెక్కడానికి రేడియో పెట్టుకోలేదు, పని చేసొచ్చి సేదతీరడానికి పెట్టుకున్నారు అని. దీనికి బలమైన సాక్ష్యం లక్సెంబర్గ్. రీత్ హయాంలో ఆదివారమంటే గంభీరమైన కార్యక్రమాలే. ఆ ఆదివారాల్లో బ్రిటిష్ శ్రోతలు లక్షల్లో యూరప్ నుంచి ఇంగ్లీషులో వచ్చే వాణిజ్య స్టేషన్లు రేడియో లక్సెంబర్గ్‌కు, రేడియో నార్మండీకి తిప్పేసేవాళ్లు. ప్రకటనలు వస్తాయి, శబ్దం తేలిపోతుంది, అయినా వినేవాళ్లు.

అంకెలు ఎవరి వైపు ఉన్నాయి? బీబీసీలో శ్రోతల పరిశోధన 1936లోనే రాబర్ట్ సిల్వీ ఆధ్వర్యంలో మొదలైంది. సర్వే మనుషులు రోజూ వీధుల్లో జనాన్ని ఆపి, నిన్న ఏం విన్నారని అడిగేవాళ్లు. 1950 ప్రాంతంలో సాయంత్రం వినేవాళ్లలో సుమారు మూడింట రెండొంతులు లైట్, మిగిలినవాళ్లలో దాదాపు అందరూ హోమ్. థర్డ్‌ది నూటికి ఒకటి, అంతకంటే తక్కువ కూడా. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. నూటికి ఒకరి కోసం ఒక స్టేషనా అని అడగచ్చు. అంతమంది శ్రోతల్లో నూటికి ఒకరన్నా వేలాది మంది, ఏ థియేటర్ అయినా ఒక రాత్రిలో అంతమందికి ఒపెరా వినిపించగలదా అని కూడా అడగచ్చు. నాకు రెండో ప్రశ్నే బరువుగా అనిపిస్తుంది. కానీ పిరమిడ్ మొత్తం పైకి కదులుతుందన్న హేలీ ఆశ మాత్రం ఈ అంకెల్లో ఎక్కడా నెరవేరలేదు. లైట్ శ్రోత ఎక్కువగా లైట్‌లోనే ఉండిపోయాడు.

వినిపించనివి

వైవిధ్యం ఎంతున్నా దానికి కంచెలున్నాయి. హాస్య కార్యక్రమాల నిర్మాతలకు 1940ల చివర్లో ఒక చిన్న నియమావళి ఇచ్చారు. దాన్ని ‘గ్రీన్ బుక్’ అనేవాళ్లు. మరుగుదొడ్ల మీద, కొత్త జంటల మీద, హోటల్ పనిమనుషుల మీద జోకులు కూడదు. రాజకీయాల్లో ఇంకా గట్టి కట్టడి: పార్లమెంటులో పద్నాలుగు రోజుల్లోపు చర్చకు రాబోయే విషయం మీద రేడియోలో చర్చ పెట్టకూడదు. 1956లో ఈజిప్టు కాలువ మీద రేగిన సూయజ్ సంక్షోభం మధ్యలో, దేశమంతా మాట్లాడుకుంటున్న విషయం మీదే రేడియో చర్చ పెట్టకూడదనే ఈ రూలు హాస్యాస్పదమైపోయింది. ఆ ఏడాది చివర్లో దాన్ని పక్కన పెట్టారు.

యాస కూడా అంతే. 1941లో విల్‌ఫ్రెడ్ పికిల్స్ యార్క్‌షైర్ గొంతుతో జాతీయ వార్తలు చదివితే ఉత్తరాదివాళ్లలోనే కొందరు అభ్యంతరపెట్టారు. వార్తకు లండన్ చదువుకున్నవాళ్ల ఉచ్చారణే ఉండాలన్న భావన అంత లోతుగా పాతుకుపోయింది. అదే మనిషి 1946 నుంచి ‘హ్యావ్ ఎ గో’ అనే క్విజ్ పట్టుకుని ఊరూరా తిరిగి, మామూలు మనుషుల చేత వాళ్ల యాసలోనే మాట్లాడిస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు.

మన రేడియోలో ఈ నీడ

ఈ నమూనా ఇక్కడిదాకా వచ్చింది. 1935లో బీబీసీ నుంచి లయనెల్ ఫీల్డెన్ భారత ప్రసార విభాగాధిపతిగా వచ్చారు. మరుసటి ఏడాది దానికి ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. పొలం పనులు, పిల్లల కార్యక్రమం, స్త్రీల కార్యక్రమం, కచేరీ, నాటకం అన్నీ ఒకే కేంద్రంలో కలిపి రావడం అదే పద్ధతి. పెద్ద పోలిక ఇంకోటుంది. 1952లో సమాచార శాఖ మంత్రి కేస్కర్ హయాంలో సినిమా పాటలు తగ్గిపోతే శ్రోతలు రేడియో సిలోన్‌కు తిప్పేశారు. అక్కడ తెలుగు పాటలు కూడా వచ్చేవి. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది ఆ ఒత్తిడి వల్లే. బ్రిటన్‌కు లక్సెంబర్గ్ ఎలాగో మనకు సిలోన్ అలాగ.

మిశ్రమం ఎలా విడిపోయింది?

టీవీ వచ్చి సాయంత్రాలను లాగేసుకుంది. వాణిజ్య టీవీ 1955 సెప్టెంబరు 22న మొదలైన రాత్రే ‘ది ఆర్చర్స్’లో గ్రేస్ అనే ముఖ్యపాత్రను మంటల్లో చనిపోనిచ్చారు. మర్నాడు దేశమంతా మాట్లాడుకుంది దాని గురించే. అయినా ప్రవాహం ఆగలేదు. 1957లో థర్డ్ గంటలు కోసేశారు. రచయితలు, సంగీతకారులు సంఘం కట్టి నిరసన తెలిపినా పెద్దగా ఫలితం లేదు. 1967 సెప్టెంబరు 30న పాత పేర్లు పోయి రేడియో 1, 2, 3, 4 వచ్చాయి. 1970 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసి, మాటలు రేడియో 4కి, శాస్త్రీయ సంగీతం రేడియో 3కి పంచేశారు. ట్రాన్సిస్టర్లు చవకై, ఒక్కో ఇంట్లో రెండు మూడు సెట్లు వచ్చాక కుటుంబమంతా కలిసి వినే గంటకు అర్థం తగ్గింది.

హేలీ గీసిన గీతలు కూడా అక్కడ నిలవలేదు. ‘ఉమన్స్ అవర్’, ‘ది ఆర్చర్స్’, ఓడల వాతావరణ సూచన మూడూ అప్పట్లో లైట్‌లో, అంటే పిరమిడ్ అడుగున ఉన్నవి. ఇవాళ మూడూ వస్తున్నది బ్రిటన్‌లో అందరూ గంభీరమైన స్టేషన్‌గా ఎంచే రేడియో 4లోనే.